బలం మాత్రలు, రక్త క్యాన్సర్: ఏళ్ల తరబడి వాడే విటమిన్ల గురించి ఆధారాలు ఏం చెబుతున్నాయి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ మండల కేంద్రంలోనైనా మెడికల్ షాపుకు వెళ్లి నీరసంగా ఉందని చెబితే, చీటీ అడగకుండానే చేతికి వచ్చేది బి-కాంప్లెక్స్ క్యాప్సూళ్ల షీటు. కాళ్ల తిమ్మిర్లంటే బి12 రూపమైన మిథైల్‌కోబాలమిన్, కీళ్ల నొప్పులంటే కాల్షియంతో పాటు వారానికొక విటమిన్ డి సాచెట్, ఆకలి లేదంటే టానిక్ సీసా ఇస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే ఎర్రగా ఉండే బి12 సూది వేస్తారు. వీటన్నిటికీ జనంలో ఉన్న పేరు బలం మాత్రలు, బలం సూదులు. పది రోజులకని మొదలైన మాత్ర, మానేస్తే మళ్లీ నీరసం వస్తుందేమోనన్న భయంతో ఏళ్ల తరబడి సాగే ఇళ్లు ఈ జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎవరికైనా బ్లడ్ క్యాన్సర్ అని తేలినప్పుడు, ఇన్నేళ్లు మింగిన మాత్రల వల్లే ఇది వచ్చిందా అన్న అనుమానం రావడం సహజం.

విటమిన్ మాత్రలు రక్త క్యాన్సర్‌ను పుట్టిస్తాయని ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు నిరూపించలేదు. అలాగని ఆ మాత్రలు ఎవరికైనా, ఎంతకాలమైనా నిరపాయమని కూడా అవి చెప్పలేదు. ఈ ప్రాంతంలో బలం మాత్రల వల్ల జరిగే పెద్ద నష్టం మాత్రం ఆ రెండింటికీ భిన్నమైనది. రక్తంలో నిజమైన జబ్బు మొదలైనప్పుడు దాని తొలి లక్షణాలను ఈ మాత్రలు కప్పిపెడతాయి, పరీక్షను నెలల తరబడి వాయిదా వేయిస్తాయి. ఆ సంగతికి వచ్చే ముందు ఆధారాలను వరుసగా చూడవలసి ఉంది.

రక్త క్యాన్సర్ ఒక్క జబ్బు కాదు. తెల్ల రక్తకణాలు మూలుగలో అదుపు తప్పి పెరిగితే లుకేమియా, బిళ్లల్లో అంటే లింఫు గ్రంథుల్లో పెరిగితే లింఫోమా, ప్రతిరక్షకాలు తయారుచేసే ప్లాస్మా కణాలు మూలుగలో పేరుకుపోతే మైలోమా. మూలుగ సక్రమంగా కణాలను తయారుచేయలేక, కొందరిలో క్రమంగా లుకేమియాగా మారే మైలోడిస్‌ప్లాసియా అనే స్థితి కూడా ఈ కుటుంబానికి చెందినదే. వీటిలో ఒక్కొక్క దానికి కారణాలు వేరు, వచ్చే వయసు వేరు, చికిత్స వేరు. కాబట్టి విటమిన్లకు, రక్త క్యాన్సర్‌కు సంబంధం ఉందా అనే ప్రశ్న నిజానికి ఏ విటమిన్, ఎంత మోతాదు, ఏ రకం క్యాన్సర్ అనే అనేక ప్రశ్నల మూట.

ఈ మూటలో మొదట విప్పవలసినది ఫోలిక్ యాసిడ్, అంటే ఫోలేట్ అనే బి విటమిన్‌కు మాత్రల్లో వాడే రూపం. మూలుగ రోజుకు వేల కోట్ల కణాలను తయారుచేస్తుంది. ప్రతి కొత్త కణానికీ డీఎన్‌ఏ నకలు కావాలి, ఆ నకలు రాయడానికి ఫోలేట్, బి12 రెండూ అవసరం. అవి చాలకపోతే కణాలు విభజన పూర్తి చేయలేక ఉబ్బిపోతాయి, రక్తహీనత వస్తుంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులలో అలాంటి రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించారు. ఆ సారంలో పనిచేసిన పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది.

ఇక్కడ కథలోకి వచ్చేది తెలుగు శాస్త్రవేత్త. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వం వహిస్తూ, 1940ల్లో తన బృందంతో కలిసి ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయించారు. రక్తహీనతను తగ్గించే ఈ పదార్థం లుకేమియాలో కూడా మూలుగను సరిచేస్తుందేమోనన్న ఆశతో, బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలను లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చారు. ఫలితం తలకిందులైంది. ఆ పిల్లల మూలుగలో లుకేమియా మరింత వేగం పుంజుకున్నట్టు ఆయన గమనించారు. ఫోలేట్ ఇస్తే జబ్బు వేగం పెరుగుతున్నప్పుడు, ఫోలేట్‌ను అడ్డుకుంటే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే ఫోలేట్ నిరోధకాన్ని ఫార్బర్ పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసంలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు ఉపశమించిందని రాశారు. క్యాన్సర్‌కు రసాయన చికిత్స సాధ్యమని నమ్మకం కలిగించిన తొలి ఫలితాల్లో అది ఒకటి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ప్రధానమైన మందు. సుబ్బారావు మాత్రం ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో కన్నుమూశారు. తెలుగువారు తమ పిల్లలకు చెప్పుకోదగిన చరిత్ర ఇది, చెప్పుకొనేది మాత్రం తక్కువ.

ఈ చరిత్ర నుంచి ఫోలిక్ యాసిడ్ లుకేమియాను పుట్టిస్తుందన్న నిర్ణయానికి రావడం పొరపాటు. ఫార్బర్ చూసింది అప్పటికే లుకేమియా ఉన్న పిల్లలను. నెల్లూరు డెల్టా రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు: మడిలో యూరియా చల్లితే వరితో పాటు ఊద అనే కలుపు కూడా ఏపుగా పెరుగుతుంది, కానీ ఊద విత్తనం యూరియా బస్తాలో నుంచి రాదు. అప్పటికే ఉన్న అపసవ్య కణాలకు ఆహారం అందడం వేరు, ఆరోగ్యంగా ఉన్న కణం క్యాన్సర్ కణంగా మారడం వేరు. మొదటిదానికి ఆధారం ఉంది, రెండవదానికి లేదు. అయితే ఇందులో ఒక చిక్కు దాగి ఉంది. వయసు మీరిన వారిలో కొందరికి మూలుగలో జన్యు మార్పులున్న కణాల గుంపు ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండవచ్చని ఇప్పుడు తెలుసు. అలాంటి వారికి అవసరానికి మించిన ఫోలేట్ ఏం చేస్తుందన్న ప్రశ్నను పరిశోధకులు ఇంకా మూసివేయలేదు.

మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలు ఈ విషయంలో కొంత ధైర్యమే ఇస్తున్నాయి. ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన 13 పరీక్షల్లో పాల్గొన్న దాదాపు 50 వేల మంది వివరాలను ఒకచోట చేర్చి 2013లో విశ్లేషించినప్పుడు, సగటున అయిదేళ్లకు పైగా వాడినవారిలో క్యాన్సర్లు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని తేలింది. దానికి ముందు 2009లో నార్వేలో గుండె జబ్బు ఉన్న 6,800 మందికి పైగా రోగుల వివరాలు చూసినప్పుడు, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తీసుకున్నవారిలో క్యాన్సర్లు కొంత ఎక్కువగా కనిపించాయి. ఆ పెరుగుదలలో ప్రధాన భాగం ఊపిరితిత్తుల క్యాన్సర్‌దే. రెండు ఫలితాలూ నిజాయితీగా చేసిన పరిశోధనలవే. అయితే ఎక్కువ మందిని కలిపి చూసిన విశ్లేషణకు బరువు ఎక్కువ. అయిదేళ్లన్నది క్యాన్సర్ లెక్కలో తక్కువ కాలమన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే.

నేరుగా రక్త క్యాన్సర్‌నే లక్ష్యంగా పెట్టుకుని, మాత్రలు వాడే అలవాటు ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు తక్కువ. వాటిలో ముఖ్యమైనది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 50 నుంచి 76 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీ పురుషులతో జరిగింది. వారు అంతకు ముందు పదేళ్లలో ఏ విటమిన్, ఏ ఖనిజం, ఏ మూలికా మాత్ర ఎంత వాడారో 2000 నుంచి 2002 వరకు నమోదు చేసి, తర్వాత ఎవరికి రక్త క్యాన్సర్ వచ్చిందో క్యాన్సర్ రిజిస్ట్రీ నుంచి తెలుసుకున్నారు. 66 వేల మందికి పైగా ఉన్న ఆ బృందం ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో ప్రస్ఫుటంగా కనిపించినవి వెల్లుల్లి మాత్రలు, ద్రాక్షగింజల సారం వాడినవారిలో రక్త క్యాన్సర్ తక్కువగా ఉండడం. దీన్ని పట్టుకుని వెల్లుల్లి మాత్రలు అమ్మడం మొదలుపెడితే అది అధ్యయనానికి అన్యాయం చేయడమే అవుతుంది. పదుల కొద్దీ మాత్రలను ఒకేసారి పోల్చినప్పుడు యాదృచ్ఛికంగా ఒకటి రెండు ముందుకు రావడం గణాంకాల్లో మామూలే. రోజూ వెల్లుల్లి కారంతో అన్నం తినే ఊళ్లకు ఆ ఫలితం ఎలా వర్తిస్తుందో చెప్పే ఆధారం అందులో లేదు.

దానికి పదేళ్ల ముందు, 2001లో, అమెరికా నర్సులు దాదాపు 88 వేల మందిని, మరొక పురుషుల బృందాన్ని గమనించిన పరిశోధకులు వేరే మాట చెప్పారు. మల్టీవిటమిన్ మాత్రలను పదేళ్లకు పైగా వాడిన స్త్రీలలో లింఫోమాలో ఒక రకమైన నాన్ హాడ్జ్‌కిన్స్ లింఫోమా కొంత ఎక్కువగా ఉందని, పురుషుల్లో అలాంటి తేడా కనిపించలేదని వారు రాశారు. విటమిన్లతో బ్లడ్ క్యాన్సర్ వస్తుందన్న భయానికి ఇలాంటి ఫలితాలు ఊతమిస్తాయి. కానీ మాత్ర స్త్రీలలో ఒకలా, పురుషుల్లో మరోలా ఎందుకు పనిచేయాలన్నదానికి సరైన వివరణ లేనప్పుడు, ఆ తేడా మాత్ర వల్ల వచ్చిందా, మాత్ర వాడే మనుషుల్లో ఉన్న మరేదైనా తేడా వల్ల వచ్చిందా అని అనుమానించవలసి వస్తుంది.

మాత్రల అధ్యయనాలను చదివేటప్పుడు అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఈ తేడాయే. లింఫోమా కానీ, నెమ్మదిగా ముదిరే లుకేమియా కానీ, మైలోమా కానీ బయటపడడానికి ఏళ్ల ముందే శరీరంలో మొదలవుతాయి. ఆ కాలమంతా మనిషికి నీరసంగా, ఆకలి మందంగా, తరచూ జ్వరాలతో ఉండవచ్చు. నీరసంగా ఉన్నవారే విటమిన్ మాత్రలు కొంటారు. కొన్నేళ్లకు క్యాన్సర్ బయటపడితే, లెక్కల్లో మాత్రలు ముందు, క్యాన్సర్ తర్వాత అన్నట్టు కనిపిస్తుంది. జరిగింది మాత్రం క్యాన్సర్ ముందు, మాత్రలు తర్వాత. రక్తంలో బి12 స్థాయి విషయంలో ఇది స్పష్టంగా రుజువైంది. డెన్మార్క్‌లో బి12 చికిత్స పొందనివారు మూడు లక్షల మందికి పైగా చేయించుకున్న పరీక్షలను 2013లో విశ్లేషించినప్పుడు, బి12 చాలా ఎక్కువగా ఉన్నవారిలో క్యాన్సర్, అందునా రక్త క్యాన్సర్, ఎక్కువగా బయటపడింది. ఆ ప్రమాదం పరీక్ష జరిగిన మొదటి ఏడాదిలోనే అత్యధికం. కొన్ని రకాల లుకేమియాల్లో తెల్లకణాలు బి12ను మోసే ప్రొటీన్‌ను అతిగా విడుదల చేయడమే ఇందుకు ఒక కారణం. అంటే అక్కడ పెరిగిన బి12 జబ్బుకు కారణం కాదు, జబ్బు జాడ. ఏ మాత్రా, సూదీ వాడకుండానే రిపోర్టులో బి12 పరిమితిని దాటి కనిపిస్తే, విటమిన్ బాగుందని సంతోషించక డాక్టరుకు చూపించడం అవసరం.

ఒకవేళ ఆ నర్సుల అధ్యయనం వంటిదానిలో కనిపించిన పెరుగుదల నిజమే అనుకున్నా, దాని పరిమాణాన్ని లెక్క కట్టి చూడాలి. ఉదాహరణకు లుకేమియానే తీసుకుంటే, మన దేశంలో ఏటా కొత్తగా బయటపడేవి సుమారు 50 వేలు. అంటే లక్ష మందికి ఏడాదికి మూడు నాలుగు. ప్రమాదం 50 శాతం పెరిగిందని పత్రికలో చదివితే గుండె గుభేలుమంటుంది. కానీ లక్షకు మూడున్నర ఉన్నది 50 శాతం పెరిగితే అయిదుకు కాస్త పైకి వెళుతుంది. వయసు పైబడిన వారిలో ఈ సంఖ్యలు ఎక్కువగా ఉంటాయి కానీ లెక్క తీరు అదే. దీన్ని బట్టి భయపడి ఇంట్లో మాత్రలన్నీ పారేయవలసిన పని లేదు.

అలాగే మాత్ర రక్షిస్తుందన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. 50 ఏళ్లు దాటిన 14,641 మంది పురుష వైద్యులకు పదకొండేళ్ల పాటు రోజూ మల్టీవిటమిన్ కానీ, మందు లేని ఉత్త మాత్ర కానీ ఇచ్చిన అమెరికా పరీక్షలో, మొత్తం క్యాన్సర్లు 8 శాతం తగ్గాయని 2012లో ప్రకటించారు. అది మంచి తిండి తినే, పొగ తాగేవారు తక్కువగా ఉన్న బృందం. 2024లో దాదాపు 3 లక్షల 90 వేల మంది ఆరోగ్యవంతుల వివరాలను రెండు దశాబ్దాలకు పైగా చూసిన మరో విశ్లేషణలో, రోజూ మల్టీవిటమిన్ వాడినవారికి ఆయుష్షు పెరిగిన జాడ కనిపించలేదు. విటమిన్ డి రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి 25 వేల మందికి పైగా పరిశీలించిన పరీక్ష ఫలితాలు 2018 చివర వెలువడినప్పుడు, కొత్తగా వచ్చే క్యాన్సర్ల సంఖ్య తగ్గలేదని తేలింది.

పొగాకు పండించే ప్రకాశం ప్రాంతంలో, ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల చుట్టూ బతికే కుటుంబాల్లో, తప్పనిసరిగా తెలియవలసినది మరొకటి ఉంది. పొగతాగేవారికి బీటా కెరోటిన్ మాత్రలు మేలు చేస్తాయనుకుని ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగరాయుళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గడానికి బదులు 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది. అమెరికాలో 18 వేల మందితో జరిగిన అలాంటి పరీక్షలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. అక్కడ పెరుగుదల 28 శాతం. ఆ పరీక్షను 1996లో మధ్యలోనే ఆపేశారు. ఇవి లెక్కల్లో జత కుదిరిన అనుమానాలు కావు. ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించి చేసిన పరీక్షలు కాబట్టి వీటి మాట గట్టిది. 2017లో వాషింగ్టన్ బృందం నుంచే వచ్చిన మరో విశ్లేషణ, పదేళ్ల పాటు రోజుకు 20 మిల్లీగ్రాములు మించి బి6, 55 మైక్రోగ్రాములు మించి బి12 విడి మాత్రలుగా వాడిన పురుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ 30 నుంచి 40 శాతం ఎక్కువని, పొగతాగేవారిలో ఇంకా ఎక్కువని చెప్పింది. ఇది గమనించి చెప్పిన మాటే తప్ప పరీక్ష చేసి నిర్ధారించినది కాదు. అయినా చుట్టో, బీడీయో, సిగరెట్టో మానని మనిషి బలానికని ఏళ్ల తరబడి మాత్రలు వాడడం మీద ఈ మూడూ కలిసి గట్టి ప్రశ్ననే లేవనెత్తుతాయి. పొగలో ఉండే బెంజీన్ మూలుగను దెబ్బతీసి తీవ్రమైన మైలాయిడ్ లుకేమియాకు దారితీస్తుందన్నది రుజువైన విషయం. రక్త క్యాన్సర్ గురించి నిజంగా భయపడవలసిన చోటు ఆ పొగ.

ప్రయోగశాలల నుంచి వచ్చే వార్తలు తరచూ రెండు వైపులా లాగుతాయి. విటమిన్ సి తక్కువైన ఎలుకల్లో లుకేమియా వేగంగా పెరిగిందని 2017లో రెండు బృందాలు చూపించాయి. లుకేమియా కణాలు బి6 మీద బాగా ఆధారపడతాయని 2020లో ఇంకొకరు చూపించారు. ఎనర్జీ డ్రింకుల్లో కలిపే టారిన్‌ను లుకేమియా కణాలు ఇంధనంగా వాడుకుంటాయని, టారిన్ ఇచ్చిన ఎలుకల్లో జబ్బు త్వరగా ముదిరిందని 2025లో వచ్చింది. ఇవన్నీ కొత్త మందులకు దారి చూపే పరిశోధనలు. ఎలుకలో కనిపించినది మనిషి వేసుకునే మాత్రకు అలాగే వర్తించదు కనుక వీటి మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు.

మోతాదు విషయంలో మాత్రం ఆగాలి. బి12 పెద్దలకు రోజుకు కావలసినది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. షాపుల్లో మామూలుగా ఇచ్చే మిథైల్‌కోబాలమిన్ మాత్రలో 1,500 మైక్రోగ్రాములు ఉంటుంది. అందులో పేగులు పీల్చుకునేది కొద్ది శాతమే కాబట్టి, లోపం ఉన్నవారికి ఆ మోతాదు సబబే. లోపం లేనివారికి దానితో పని లేదు. విటమిన్ డి సాచెట్‌లో ఉండేది 60 వేల యూనిట్లు. డాక్టరు ఎనిమిది వారాలకు రాసిన దాన్ని ఏళ్ల తరబడి వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బి6 విషయం మరీ విచిత్రం. అది ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే నరాలు దెబ్బతిని చేతులకు, కాళ్లకు తిమ్మిర్లు వస్తాయి. తిమ్మిర్లకని మాత్ర మొదలుపెట్టి, మాత్ర వల్ల పెరిగిన తిమ్మిర్లకు మళ్లీ అదే మాత్ర వేసుకునే పరిస్థితి ఏర్పడుతుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు బి6 గరిష్ఠ పరిమితిని రోజుకు 12 మిల్లీగ్రాములకు తగ్గించడానికి కారణం ఈ నరాల దెబ్బే.

ఇక ఈ జిల్లాల్లో అసలు నష్టం ఎక్కడ జరుగుతున్నదో చూడాలి. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య కొత్తది కాదు. మన దేశంలో నీటి ఫ్లోరైడ్‌తో ఎముకలు దెబ్బతినే జబ్బు గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి ఈ తాలూకాలన్నీ ఆ జిల్లాలోనివే, ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది 1970లో. తరాలుగా నడుము పట్టేసిన మనుషుల మధ్య బతికిన ఊళ్లలో, అరవై ఏళ్ల మనిషి వెన్ను నొప్పి, పక్కటెముకల నొప్పి, నీరసం అని చెబితే, చుట్టుపక్కలవారు ఫ్లోరైడ్ నొప్పులని, వయసని సరిపెడతారు. కాల్షియం, విటమిన్ డి, బి-కాంప్లెక్స్, నొప్పి మాత్ర మొదలవుతాయి. మైలోమా అనే రక్త క్యాన్సర్ లక్షణాలు కూడా అచ్చంగా ఇవే: ఎముకల నొప్పి, రక్తహీనత, మెల్లగా చెడే మూత్రపిండాలు. ఎక్స్-రేలో మాత్రం రెండూ వేరుగా కనిపిస్తాయి. ఫ్లోరైడ్ వల్ల ఎముక మామూలు కంటే చిక్కగా తెల్లగా కనిపిస్తుంది, మైలోమాలో ఎముకలో గుంటలు పడతాయి. ఆ ఎక్స్-రే తీయకుండా, రక్త పరీక్ష చేయకుండా మాత్రలతో గడిపే కాలంలో, అప్పటికే బలహీనమైన మూత్రపిండాల మీద నొప్పి మాత్రల భారం కూడా పడుతుంది. కాల్షియం అసలే పెరిగి ఉండే మైలోమా రోగికి కాల్షియం మాత్రలు, విటమిన్ డి సాచెట్లు నేరుగా హాని చేస్తాయి.

లుకేమియా విషయంలో ఈ ఆలస్యం మరోలా జరుగుతుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా మన దేశంలో నడివయసులో, సంపాదించే వయసులో ఎక్కువగా వస్తుంది. దాని తొలి లక్షణాలు నీరసం, బరువు తగ్గడం, ఎడమ డొక్కలో బరువుగా ఉండడం. రక్తకణాల లెక్క చూపే ఒక సీబీపీ పరీక్ష చేస్తే తెల్లకణాలు పదుల వేలు దాటి లక్షల్లోకి వెళ్లి కనిపిస్తాయి. రోజూ ఒక మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో ఉంచగలిగే జబ్బు అది. రెండు మూడు వందల రూపాయల్లో అయ్యే ఆ పరీక్ష చేయించకుండా అంతకు ఎన్నో రెట్లు టానిక్‌ల మీద ఖర్చు పెట్టడం బాధ కలిగించే సంగతి. ఐరన్ మాత్రలకు తగ్గని రక్తహీనత, కారణం లేకుండా చర్మం మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జ్వరం, మెడలోనో చంకలోనో నొప్పి లేకుండా పెరిగే బిళ్లలు కనిపించినప్పుడు మాత్ర మార్చడం దారి కాదు, రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూడడమే దారి.

బలం సూది పేరుతో కొన్నిచోట్ల విటమిన్లతో పాటు డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ కలిపి ఇచ్చే అలవాటు ఇంకా ప్రమాదకరం. స్టెరాయిడ్ లింఫోమా, పిల్లల లుకేమియా కణాలను తాత్కాలికంగా అణచివేస్తుంది. జ్వరం తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. బిళ్లలు కూడా తగ్గుతాయి. కొన్ని వారాలకు జబ్బు తిరగబెట్టినప్పుడు చేసిన పరీక్షలో రకం తేల్చడం కష్టమవుతుంది, చికిత్సకు లొంగే గుణం కూడా కొంత తగ్గవచ్చు. ఫోలిక్ యాసిడ్‌తో మరో రకం మరుగు ఉంది. బి12 లోపం వల్ల వచ్చిన రక్తహీనతను ఫోలిక్ యాసిడ్ ఒక్కటే సరిచేసి, హిమోగ్లోబిన్ పెరిగేలా చేస్తుంది, నరాలు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటాయి. వయసు మీరిన వారిలో ఎర్రకణాల పరిమాణం పెరిగితే అది బి12 లోపం కావచ్చు, మైలోడిస్‌ప్లాసియా కూడా కావచ్చు. స్థాయిలు చూడకుండా సూదులు మొదలుపెడితే, తర్వాత ఏది ఏదో తేల్చడానికి ఆధారం మిగలదు.

ఇదంతా చదివి మాత్రలు మానకూడని వారు కూడా ఉన్నారు, ఆ మాట నొక్కి చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణులకు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కనీసం 180 రోజులు వాడవలసిన ఆ మాత్ర తల్లి ప్రాణానికీ, బిడ్డకూ రక్షణ. గర్భం దాల్చకముందు నుంచి తీసుకునే ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నుపాము లోపాలను చాలావరకు నివారిస్తుందని 1991లో బ్రిటన్ నేతృత్వంలోని పరీక్ష తేల్చింది. అంతేకాదు, అనేక దేశాల వివరాలను కలిపి చూసిన విశ్లేషణలో, గర్భ సమయంలో ఫోలిక్ యాసిడ్ వాడిన తల్లుల పిల్లల్లో లుకేమియా కొంత తక్కువగానే కనిపించింది. బ్లడ్ క్యాన్సర్ భయంతో గర్భిణి ఆ మాత్ర మానితే పోగొట్టుకునేది ఎక్కువ. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివారికి, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహ రోగులకు, గ్యాస్ మాత్రలు మానలేనివారికి బి12 లోపం రావడం మామూలు. పరీక్షలో లోపం తేలినప్పుడు వారికి బి12 మందే, అది బలం మాత్ర కాదు. రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి పంపిణీ చేసిన మోతాదులు చిన్నవి. కిలోకు ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు మాత్రమే, కాబట్టి ఆ అన్నం గురించి దిగులు పడవలసింది లేదు.

రక్త క్యాన్సర్ నిర్ధారణ అయి, చికిత్సకు నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల నుంచి చెన్నైకో, తిరుపతికో, వెల్లూరుకో వెళ్లే రోగుల విషయంలో మాత్రం ఇంట్లో ఉన్న బలం మాత్రలు వెంటనే తేల్చవలసిన అంశం. మైలోమాకు వాడే బోర్టెజోమిబ్ ఇంజెక్షన్‌ను విటమిన్ సి రసాయనికంగా పట్టుకుని పనిచేయనీయదని, గ్రీన్ టీ సారంలోని పదార్థం కూడా అలాగే అడ్డుపడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అందుకే ఆ ఇంజెక్షన్ రోజుల్లో విటమిన్ సి మాత్రలు, గ్రీన్ టీ క్యాప్సూళ్లు మానమంటారు. లుకేమియాకు మెథోట్రెక్సేట్ తీసుకుంటున్న పిల్లవాడికి బంధువులు ప్రేమతో తెచ్చిన ఫోలిక్ యాసిడ్ టానిక్ ఆ మందు పనికే అడ్డం రావచ్చు. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ తర్వాత ఫోలేట్ రూపమైన ల్యూకోవోరిన్‌ను డాక్టర్లే గంటల లెక్కన ఇస్తారు, ఆ సమయం ముందుకూ వెనక్కూ జరగకూడదు. అదే మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వారానికొకసారి చిన్న మోతాదులో వాడేవారికి ఫోలిక్ యాసిడ్‌ను డాక్టరే రాస్తారు, దాన్ని మానకూడదు. అందువల్ల క్యాన్సర్ ఆసుపత్రికి మొదటిసారి వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు, ఇంట్లో వాడుతున్న విటమిన్ షీట్లు, టానిక్ సీసాలు, ఆయుర్వేద పొడులు, ప్రొటీన్ డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి, ఏది ఎన్నాళ్లుగా వాడుతున్నారో డాక్టరుకు చూపించి, ఏది ఆపాలో ఏది కొనసాగించాలో ఆయన చేతే చీటీ మీద రాయించుకోవడం చికిత్సలో భాగమే.